ఫోనుకొక వాటా, మిద్దెకొక వాటా

సర్కారు చేపల వేట ఆపేసే రెండు నెలలూ మా రేవులో పడవలకు విశ్రాంతి, నాలుకలకు చాకిరీ. ఆ ఎండాకాలం మా పడవ ఇంజను చెడిపోయి ఉండింది. బాగు చేయించేందుకు ఉన్న డబ్బు చాలదు. పడవ మా బావది, అంటే మా అక్క మొగుడిది. వల మా మామది, నాకు పిల్లనిచ్చిన పాపానికి నన్ను పడవలో కూడా భరిస్తున్న మనిషి. నాది ఫోను.

ఏడో తరగతిలో బడీ నేనూ ఒకరికొకరం సరిపడక విడిపోయినాం. షేర్లు కొనే యాప్ మాత్రం నన్ను ఏ సర్టిఫికెట్టూ అడగలా. పాన్ కార్డు చూపించు, కళ్ళు ఆర్పు అనింది. ఆర్పినా. పెట్టుబడిదారుణ్ణి అయిపోయినా.

వేట మొదలయ్యేలోపు డబ్బు ఇంజనుకు చాలినంత అవుతుందని చెప్పి, ముగ్గురం తలా కొంత వేసి నీళ్ళ పంపుల కంపెనీ షేర్లు కొన్నాం. పేరు చదివితే మామకు అర్థమైన కంపెనీ అదొక్కటే.

కొన్న రోజే పంచాయితీ. పట్టిన చేపల్లో పడవ బాగుకొక వాటా, వల బాగుకొక వాటా, మిగిలింది మనుషులకు. అదీ మా కట్టు.

"ఇక్కడ పడవంటే నా ఫోనే. దానికొక వాటా తీయాల" అన్నా.

"నీ ఫోను తుప్పు పట్టిందా, చిల్లు పడిందా?" అన్నాడు బావ.

"పగిలింది గదా బావా. ఏది షేరు గీతో, ఏది పగులు గీతో నాకే తెలీడం లేదు."

మామ గొంతు సవరించుకున్నాడు. మా వీధిలో సిగ్నలు అందేది ఆయన మిద్దె మీదే. శ్రీహరికోటలో రాకెట్టు లేచినప్పుడు తప్ప ఎవురూ ఎక్కని మిద్దె. "సిగ్నలు పట్టేది నా మిద్దె. అంటే వల అదే గదా అల్లుడా."

"మరి నేను?" అన్నాడు బావ.

"నువ్వు మనిషివి బావా. మనిషి వాటా నీకెట్లాగూ ఉండాది."

వేట ఇంకో వారంలో మొదలవుతుందనగా, ఒక మధ్యాహ్నం మా షేరు ఇంజను ఖర్చును దాటేసింది. బావ మెకానిక్కుతో బేరమాడను చిల్లకూరు పోయి ఉన్నాడు. ఫోను చేసినా.

"నేనొచ్చేదాకా ముట్టుకోవద్దు. నేను లేకుండా ఎప్పుడన్నా చేపలు కుప్ప పోసినారా?"

అదీ కట్టే. అందరి కళ్ళెదురుగానే కుప్ప పోసి పంచాల. కూర్చున్నాం. మూడున్నరకు మార్కెట్టు మూసేసినారు. నాలుగ్గంటలకు బావ మిద్దెక్కినాడు.

"మూసేసేదేంది? సముద్రాన్ని ఎవరన్నా మూస్తారా?"

"మూసినారు గదా బావా, రెండు నెలలుగా."

మర్నాడు పొద్దున షేరు దిగతా ఉంది. అమ్మాలంటే తెర మీద వేలితో లాగాల, వల లాగినట్టు అందరి చెయ్యీ పడాలన్నాడు మామ. ముగ్గురం తలా ఒక వేలు పెట్టి ఒక్కసారి లాగినాం. మూడు వేళ్ళు చూసిన ఫోను, అమ్మడం మానేసి స్క్రీన్‌షాట్ తీసింది. మళ్ళీ లాగినాం, మళ్ళీ తీసింది. పడిపోయే షేరుకు అన్ని ఫోటోలు ఇంకెవరి దగ్గరా ఉండవు. చివరికి నా ఒక్కడి వేలికి అనుమతి దొరికేసరికి, వేసిన దాంట్లో కొంచెం తరిగి మా డబ్బు మాకే తిరిగొచ్చింది.

ఫోను వాటా ఇంజనుకే ఇస్తానన్నా. మామ ఒప్పుకోలా.

"ఒక పడవ వాటా ఇంకో పడవకు పెడతామా? దేని వాటా దాని బాగుకే."

ఆ కట్టు అందరికంటే గట్టిగా పట్టుకునే బావ తలూపినాడు. నా ఫోనుకు కొత్త అద్దం, మామ మిద్దెకు సిమెంటు పూత. మనిషి వాటాలు పంచుకున్నాక ఇంజనుకు ఏమీ మిగల్లా.

వేట మొదలైన రోజు రేవులో పడవలన్నీ పోయినాయి, మాది తప్ప. బావ ఇసకలో నిలబడి మా ఇద్దరి వైపూ తిరిగినాడు. "ఫోను తోస్తారో, మిద్దె తోస్తారో, ఏదో ఒకటి నీళ్ళలోకి తొయ్యండి. ఎక్కి పోదాం."

ముగ్గురం వేరేవాళ్ళ పడవలో కూలికి పోయినాం. తలా ఒక మనిషి వాటా వచ్చింది.

సాయంత్రం నేను మిద్దెక్కేసరికి మామ పక్కన బావ కూడా ఉన్నాడు, కొత్త సిమెంటు మీద కాళ్ళు చాపుకుని.

"చూడబ్బా, ఆ షేరు ఇప్పుడు ఎంతుందో" అన్నాడు బావ.

చూసినా. ఇంజను ఖర్చు దాటి ఇంకా పైకి పోయి ఉంది.

"అడుక్కి పోయింది బావా" అన్నా.

"బతికినాం" అన్నాడు బావ.

మామ నా ఫోను వైపే చూస్తా ఉన్నాడు. కొత్త అద్దం కదా, అంత దూరానికీ పైకెక్కే ఆకుపచ్చ గీత శుభ్రంగా కనపడతా ఉంది.