అమ్మవారు వెళ్ళిపోయాక

మొన్న మా మనవరాలికి ఆటలమ్మ పోసింది. పొక్కులు మాడి, స్నానం పోసేశాక కూడా రోజూ పొద్దున్నే దాని గౌను పైకెత్తి పిక్కలూ తొడలూ చూస్తున్నానని మా కోడలు నవ్వింది. దానికి తెలీదు. అమ్మవారు వెళ్ళిపోయాకే నాకు భయం.

అరవైల చివర్లో బొబ్బిలిలో మా బట్టలకొట్టు వెనకే ఇల్లు. ఆ ఎండాకాలం ముందు నాకు, తరవాత తమ్ముడికి, ఆఖర్న బాబాయి కూతురైన ఐదేళ్ల చెల్లికి పోసింది. వేపాకుల మీద పడుకుని, గోక్కుంటున్నారని ఒకరి మీద ఒకరం చాడీలు చెబుతూ, దొంగతనంగా గోక్కుంటూ హాయిగానే గడిపాం. అమ్మవారు ఒంటి మీద ఉన్నందుకు నాయనమ్మ తమ్ముణ్ణి కూడా ‘తల్లీ’ అనేది. వాడు ఆ మర్యాద చూసుకుని బెల్లంముక్క తెమ్మని ఆజ్ఞలు వేసేవాడు. అన్నాళ్ళూ ఇంట్లో తాళింపు లేదు. చెల్లికి పసుపునీళ్ల స్నానం పోసి, చద్ది నైవేద్యం పెట్టి అమ్మవారిని సాగనంపిన సాయంత్రం పిన్ని పప్పులో తాళింపు వేసింది. ఆ వాసనకి అందరం మారు అన్నం పెట్టించుకున్నాం, నాయనమ్మతో సహా.

ఆ వారంలోనే ఒక పొద్దున చెల్లి నడవలేనని ఏడ్చింది. పిక్క మీద కమిలినట్టు ఊదారంగు మచ్చ. మధ్యాహ్నానికి అది పాదం దాకా పాకి నేరేడుపండులా నల్లబడింది. నీటిబొబ్బలు లేచాయి. ముట్టుకుంటే పాదం చల్లగా ఉంది.

“నీ తాలింపు వాసనకే అమ్మోరు తిరిగొచ్చినాది. నువ్వే తెచ్చినావు,” అంది నాయనమ్మ పిన్నితో. బాబాయి బండి పిలవబోతే గుమ్మానికి అడ్డం నిలబడి, “అమ్మోరికి సూదులు పొడిపిస్తావేట్రా?” అంది.

అంతవరకూ అత్తగారికి ఎదురు చెప్పని పిన్ని పిల్లను భుజాన వేసుకుంది. “తప్పుకో అత్తా. పాపం నాదే అయితే నాకే తగల్తాది. పిల్లని బతకనీ.”

విశాఖపట్నం ఆసుపత్రిలో డాక్టరుగారు, ఆటలమ్మ తగ్గాక ఎక్కడో ఒకరికి ఇలా రక్తం చెడి, చర్మం కింది సన్నని నాళాల్లో గడ్డకట్టేస్తుందని చెప్పారట. తోడు వెళ్ళిన మా అమ్మ చెప్పింది: పిన్ని అంతా విని, “తాలింపు వల్లేనా బాబూ?” అని మాత్రం అడిగిందట. “కాదమ్మా” అని ఆయన అన్నా, వార్డుకి వచ్చినప్పుడల్లా మళ్ళీ అదే అడిగేదట.

చెల్లి బతికింది. మోకాలి కింద కాలు తీసేశారు. ఇంటికొచ్చిన నాడు లేని పాదం దురద పెడుతోందని ఏడ్చింది. బడి తెరిచాక నాయనమ్మే దాన్ని చంకనేసుకుని దింపి, మళ్ళీ తెచ్చేది. దారిలో ఎవరైనా ఆరా తీస్తే కసిరేది. పిన్ని ఆవిడకి వేళకు అన్నం పెట్టింది, మంచాన పడ్డాక ఒళ్ళు తుడిచింది. కానీ ఆసుపత్రి నుంచి వచ్చాక ‘అత్తా’ అని పిలవగా నేను వినలేదు. నాయనమ్మ ఒకటి రెండుసార్లు పిన్ని చెయ్యి పట్టుకుని ఏదో అనబోయి ఆగిపోయింది. ఆ ఇంట్లో ఎన్నేళ్ళు గడిచినా, ఆ ఒక్క మాటకి వేళ కుదరలేదు.