వియ్యపురాలి ఆర్కిడ్‌కు నేను చేసిన శెనక్కాయ వైద్యం

చూసుకోమని అప్పగించిన ఒక్క కుండీ మొక్కనూ, వియ్యపురాలితో బంధుత్వాన్నీ, జీవితమంతా కూడబెట్టుకున్న పేరునూ ఒకే దెబ్బకు మట్టిలో కలిపినంత పని చేసిన వైనం ఇది. మట్టిలో కలపడమంటే మాటవరసకు కాదు. సాక్షాత్తూ చెరువు మట్టి, నా చేతులతో నేనే తెచ్చింది.

ముదిగుబ్బలో నాది ఎరువుల అంగడి. మావైపు రైతు తన పైరుకు తెగులు తగిలితే నోటితో చెప్పడు. ఒక ఆకు తుంచి, చొక్కా జేబులో పెట్టుకొచ్చి, నా బల్ల మీద పరుస్తాడు. నేను దాన్ని వెలుతురుకు ఎత్తి చూసి, నలిపి, వాసన పట్టి మందు చెప్పేవాణ్ని. కాలేజీ గడప తొక్కినవాణ్ని కాదు. మందు డబ్బాల మీద అంటించిన కాగితాలే నా చదువు. అయినా జనం 'ఆకుల డాక్టరు' అన్నారు. పట్టాలున్నవాళ్ళు ఎవరైనా అలా అనిపించుకున్నారా?

అలాంటి నాకు మా కోడలి తల్లి సరోజమ్మ, కొత్తచెరువు నుంచి ఆర్కిడ్ కుండీ మోసుకొచ్చింది. చిన్నకూతురి కానుపుకు బెంగుళూరు పోతోంది. ఆ మొక్కను పోయిన భర్త ఎప్పుడో బస్సులో ఒళ్ళో పెట్టుకొని తెచ్చాడట. ఏటా విచ్చే తొలి పువ్వు ఆయన పటానికే.

"మొగ్గకాడ వచ్చినాది, జాగ్రత్తన్నా. ఇంట్లోనే కిటికీ పక్కన పెట్టండి. వారానికోసారి తడిపితే చాలు."

"ఎకరాలకు ఎకరాలు బతికించినోణ్ని చెల్లెమ్మా. ఈ కుండీ ఒక లెక్కా?"

ఆమె వెళ్ళిన కొద్దిరోజులకే అట్టడుగు ఆకు పసుపు రంగుకు తిరిగింది.

"ఆయమ్మకు ఫోన్ చేసి అడగరాదా?" అంది నా భార్య సావిత్రి.

"నేను అడగడమా? ఊరంతా నన్ను అడుగుతాండె!"

కుండీలోకి తొంగి చూశాను. లోపల మట్టే లేదు! చెక్క పెచ్చులూ బొగ్గు ముక్కలూ ఉన్నాయి. వేళ్ళు బయటికొచ్చి బల్లితోకల్లా వేలాడుతున్నాయి.

"మోసం సావిత్రీ! అమ్మినోడెవడో మట్టికి బదులు పొయ్యిలో పెట్టే చెత్త పోసినాడు!"

"ఇన్నేండ్లూ అట్లే పూస్తాండాది కదయ్యా?"

"ఆకలితో పూస్తాండాది!"

ఫోన్లో మొక్కల జబ్బులు చెప్పే యాప్‌కు ఫొటో పెట్టి అడిగితే, నీళ్ళు ఎక్కువై ఉండవచ్చు లేదా తక్కువై ఉండవచ్చు, ఎండ ఎక్కువై ఉండవచ్చు లేదా తక్కువై ఉండవచ్చు అంది. నా అంగట్లో ఇలా మాట్లాడినవాణ్ని మెడపట్టి గెంటేసేవాణ్ని. వైద్యమంటే ఒకే మాట ఉండాలి! మా సున్నపు నేలల్లో శెనక్కాయ ఆకు పసుపు తిరిగితే ఇనుము చాలలేదని అర్థం. నీళ్ళలో ఇనుమున్న అన్నభేది ఉప్పు, నిమ్మఉప్పు కలిపి కొడితే పైరు లేచి నిలబడుతుంది. అదే కొట్టాను. పెచ్చులు పారబోసి చెరువు మట్టి దట్టించాను. బయటి వేళ్ళను పసిబిడ్డ చేతుల్లా మడిచి లోపల పాతాను. ఇక నీళ్ళు! వానకు మొహం వాచిన సీమలో పుట్టినవాడు ఏ మొక్కకైనా పెట్టగలిగిన అతి పెద్ద మర్యాద అదే. పొద్దునా సాయంత్రమూ పెట్టాను.

రెండో ఆకు పసుపైంది. మందు పెంచాను. మూడోది మెత్తబడి వాలింది. నీళ్ళు పెంచాను. అంతలో వీడియో కాల్.

"అన్నా, నా మొక్కను ఒకసారి చూపియ్యండి."

నేను మొగ్గకాడ కొసను మాత్రం చూపించి, ఆపైన గోడను చూపించి, పైన తిరిగే ఫ్యానును చూపించి, "సిగ్నల్ పోతాండాది చెల్లెమ్మా!" అని కేకపెట్టి కట్ చేశాను.

"సిగ్నల్ కాదు, నీ ప్రాణం పోతాండాది" అంది సావిత్రి.

నిజమే. మర్నాడు మొగ్గలు ఒక్కొక్కటే రాలాయి. ఆ పటం ముందు ఈ ఏడు సరోజమ్మ ఏం పెడుతుంది? ఆ ముఖం నేనెలా చూస్తాను? ఫోన్ మోగితే స్నానాలగదిలోకి పరుగెత్తేవాణ్ని.

చివరికి చెప్పాపెట్టకుండా సరోజమ్మే వచ్చేసింది. కుండీ చూసింది. నేల మీద బోర్లించి తట్టింది. మట్టిముద్ద జారింది. దాంతోపాటు నల్లగా కుళ్ళిన వేళ్ళు, ఇల్లంతా మురుగు కంపు.

"ఏమన్నా, శెనక్కాయలేమన్నా విత్తినారా దీంట్లో? దీని వేళ్ళకు మట్టి కాదు, గాలి కావాల."

ఆమె కత్తెర అడిగి తీసుకుని కుళ్ళినదంతా కత్తిరించింది. ఆపరేషన్ గది బయట నిలబడ్డవాడిలా అడిగాను: "బతుకుతాదా?"

"గట్టి వేళ్ళు కొన్ని ఉండాయి. బతుకుతాది. ఈ ఏడు మాత్రం పూయదు." కొంగుతో కళ్ళు అద్దుకుంది. "పోనీలే. ఆయనకు మల్లెలు పెడతా. అసలు ఈ వైద్యం ఎందుకు మొదలుపెట్టినారన్నా?"

"అట్టడుగు ఆకు పసుపైంది చెల్లెమ్మా."

"అదొక్కటేనా?"

"అప్పటికి అదొక్కటే."

ఆమె నన్ను అలాగే చూసింది. "అది పండాకు కదన్నా! వయసైపోయి దానంతటదే రాలిపోతాది. ఏటా జరిగేదే. దానికి రోగమేమి?"

సావిత్రి అందుకుంది. "నీ తల నెరిసిందని నేనెప్పుడన్నా నీకు చెరువు మట్టి పూసి అన్నభేది కొట్టినానా?"

సరోజమ్మ తడికళ్ళతోనే పగలబడి నవ్వింది. బంధుత్వం దక్కింది. డాక్టరు మాత్రం అక్కడికక్కడే కాలం చేశాడు.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, అన్నభేది పొట్లం చేతబట్టి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీద పరాయి ఆకు జోలికి పోను. వయసును రోగమని అనను, ఆకుదైనా, నాదైనా. శెనక్కాయ సంగతి మాత్రం వేరు. అందులో నాకు ఎదురు చెప్పేవాళ్ళుంటే ఆకు పట్టుకొని రమ్మనండి, చూసుకుందాం!