పెద్దమ్మ బావికి నేను తెచ్చిన మచ్చ

మా పెద్దమ్మ పోయింది. పోయిన వారం ఒకరోజు పొద్దున చెన్నై పెరంబూరు స్టేషన్‌లో కాలేజీ రైలు కోసం నిలబడి ఉండగా అమ్మ ఫోన్ చేసి చెప్పింది. "నిద్రలోనే పోయిందంట. ఇంటికి వచ్చెయ్, కలిసి పోదాం," అంది. నాకు వెంటనే ఏడుపు రాలేదు. రెండేళ్లుగా మా ఇద్దరికే తెలిసిన ఒక సంగతి ఇక నా ఒక్కదానికే తెలుసు అనిపించింది. రాయడానికి సిగ్గుగా ఉంది కానీ, అలా అనిపించడంలో కాస్త ఊరట కూడా ఉంది. ఆ ఊరటను తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది. అందుకే ఇది రాస్తున్నాను.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. రెడ్‌హిల్స్ దాటి ఇంకా లోపలికి పోతే ఒక ఊళ్లో ఎకరన్నర నేల. వంకాయ, బెండ వేసేది. పెదనాన్న పోయాక ఒక్కతే సాగు చేసింది. వంకాయకు పురుగు పడితే మందు కొట్టక తప్పదు. కానీ ఆ మందును ఆమె ఇంట్లోకి రానిచ్చేది కాదు. చేను చివర, బావికి బాగా దూరంగా, ఎత్తు అరుగు మీద ఒక రేకు పెట్టె, దానికి తాళం. చదువు రాదు, దగ్గరి చూపూ ఆనదు కాబట్టి సెలవులకు నేను వెళితే డబ్బాల మీద రాసింది నాచేత చదివించుకునేది. మొదట అడిగేది ఒకటే, మందు ఎంత విషమో చెప్పే ముక్కోణం గుర్తు గురించి. ఎరుపంటే అన్నిటికన్నా ఘోరమైన విషం.

"ముక్కోణం ఏం రంగే?"

"ఎరుపు, పెద్దమ్మా."

"అట్లయితే వద్దు. వేరేది దొరికేదాకా పురుగును తిననీ."

ఖాళీ అయిన డబ్బాను మూడుసార్లు కడిగి, ఆ కడుగునీళ్లు కూడా స్ప్రేయరులోనే పోసి చేనుకే కొట్టేది. తర్వాత డబ్బాకు మేకుతో చిల్లులు పొడిచేది. మళ్లీ ఎవరూ నీళ్లకు వాడకుండా. చిల్లుల డబ్బాలన్నీ మూట కట్టి మందుల అంగడికి మోసుకుపోయేది. అంగడాయన ఎంత విసుక్కున్నా, అవి తీసుకునేదాకా మెట్ల మీద నుంచి లేచేది కాదు.

ఇరుగుపొరుగును కూడా వదిలేది కాదు. ఎదురింటి అవ్వ ఒకసారి వంటింటి అటక మీద మందు సీసా పెట్టింది. పెద్దమ్మ చూడనే చూసింది. "ఏమత్తా, నూనె పక్కనే పెట్టినావే! రేపు తాళింపుకు ఏది పోస్తావు?" అంది.

"వచ్చేసిందమ్మా ఇన్‌స్పెక్టరమ్మ! సుమ్మా ఉండవే, ఊరుకోవే, నువ్వూ నీ తనిఖీలూ," అని అవ్వ కసిరింది. కానీ ఆ సాయంత్రమే సీసా దింపి బయట పెట్టింది.

అంత పట్టుదల ఎందుకంటే ఆ బావి. ఆ ఊళ్లో బోరు వేస్తే ఉప్పునీళ్లు. పెద్దమ్మ బావి నీళ్లు మాత్రం తియ్యగా ఉండేవి. వీధిలో పది పన్నెండిళ్ల వాళ్లు బిందెలతో వచ్చి తోడుకునేవాళ్లు. "బావి నా నేలలో ఉండాదంతే. నీళ్లు వాళ్లవే," అనేది. ఆమెకు ఇంకే గర్వమూ లేదు.

ఇక ఆ రోజు సంగతి.

అప్పుడే నేను పన్నెండో తరగతి పరీక్షలు రాసి వెళ్లాను. తమిళంలో చదివిన దాన్ని. తెలుగు అక్షరాలు కొత్తగా నేర్చుకుని, కనబడిన పుస్తకమల్లా పట్టుకు తిరుగుతున్నాను. మందు కలిపే డ్రమ్ములోకి బావి మోటారు గొట్టంతో నీళ్లు పట్టేవాళ్లం. దానికి పెద్దమ్మ పద్ధతి ఒకటుంది. ముందు నీళ్లు, మోటారు ఆపి గొట్టం తీసేశాకే మందు. నీళ్లు పడుతున్నంతసేపూ గొట్టం మూతి నీటికి జానెడు పైన ఉండాలి. మోటారులో వాల్వు పాతది. కరెంటు పోతే గొట్టంలోది వెనక్కి బావిలోకి జారిపోతుంది. మూతి మునిగి ఉంటే డ్రమ్ములోది కూడా పీల్చుకుపోతుంది. ఇది నాకు ఎన్నిసార్లు చెప్పిందో.

ఆమె ముఖానికి కట్టుకునే గుడ్డ కోసం ఇంట్లోకి వెళ్లింది. వచ్చేలోగా పని ముగించి మెప్పు పొందాలని నేను మందు ముందే పోశాను. గొట్టంలోంచి చిందే నీళ్లు ఒళ్లో ఉన్న పుస్తకం మీద పడుతున్నాయి. మూతిని డ్రమ్ములోకి ముంచేసి చదువుకుంటూ కూర్చున్నాను. కరెంటు పోయింది. మోటారు ఆగింది. కాసేపటికి తలెత్తి చూస్తే డ్రమ్ములో నీళ్లు తగ్గుతున్నాయి. నేనేం చేశానో తెలుసా? డ్రమ్ముకు చిల్లు పడిందేమోనని చుట్టూ తిరిగి వెతికాను. గొట్టం మాత్రం లాగలేదు.

పెద్దమ్మ వచ్చి చూసింది. గొట్టం లాగి పారేసింది. నన్ను ఒక్క మాట అనలేదు. వీధిలోకి పరుగెత్తి, "ఎవరూ నీళ్లు తోడొద్దండమ్మా! పొద్దున తోడింది తప్ప ఇంకేదీ తాగొద్దండి!" అని ఇల్లిల్లూ తట్టింది. అందరూ వచ్చారు. ఏమైందని అడిగారు.

"నా చేతి తప్పే. గొట్టం ముంచి మరిచిపోయినా," అంది.

"ఊరికంతా పాఠం చెప్పే యమ్మ, తన బావిలోనే మందు పోసుకునిందే!" అని ఎవరో అన్నారు. కొందరు నవ్వారు. ఎదురింటి అవ్వ నవ్వలేదు. ఖాళీ బిందె చంకన పెట్టుకుని వెనక్కి తిరిగింది. పెద్దమ్మ వెనకే నేనున్నాను. మాటలంటే అంత పిచ్చి పట్టిన నాకు 'నేనే' అన్న ఒక్క మాట నోట్లోంచి రాలేదు.

ఆ రాత్రి అడిగాను, ఎందుకట్లా చెప్పావని. "ఊరు పోయే పిల్లవి. ఆ మాట నీ వెంట రాకూడదు. నేను ఈడనే ఉండేదాన్ని, మాపుకుంటాలే," అంది.

మాపుకోలేకపోయింది. బావిని మళ్లీ మళ్లీ పూర్తిగా తోడించింది. ఆ నీళ్లు కాలువలో కలవకుండా బీడులోనే ఇంకనిచ్చింది. పరీక్షకు పంపితే నీళ్లు బాగున్నాయనే వచ్చింది. అందరి ఎదుట తానే మొదట తాగింది. అయినా ఎవరూ రాలేదు. క్యాను నీళ్లు కొనుక్కున్నారు. నేను చెన్నైలో హాయిగా చదువుకున్నాను. ప్రతి ఫోనులోనూ, "నీళ్లకు వస్తున్నారా పెద్దమ్మా?" అని అడగాలనుకుని వేరే ఏదో అడిగేదాన్ని.

పోయిన వారం అమ్మా నేనూ ఊరు చేరేసరికి ఆమెను వాకిట్లో పడుకోబెట్టారు. స్నానం చేయించడానికి ఆడవాళ్లు బిందెలు నింపుతున్నారు, క్యానులోంచి. పది అడుగుల దూరంలో ఆమె బావి.

"ఆ రోజు గొట్టం ముంచింది నేను. పెద్దమ్మ కాదు," అన్నాను. ఎవరికీ వినబడినట్టు లేదు. అందుకని మళ్లీ చెప్పాను.

ఎదురింటి అవ్వ నా ముందుకొచ్చి నిలబడింది. "ఇన్నాళ్లు నీ నోరు ఏడ పెట్టుకోనుంటివే?" అంది. జవాబు కోసం ఆగలేదు. చేతిలోని బిందెను నేల మీద ఒంపేసి బావి దగ్గరికి నడిచింది. చేద వేసి తోడింది. ఒక్కొక్కరే వెనక వెళ్లారు. బావి నుంచి పెద్దమ్మ దాకా వరుస కట్టి, బిందెలు చేతులు మార్చుకుంటున్నారు. నేనూ ఆ వరుసలో నిలబడి చేతులు చాచాను. బిందె నన్ను దాటుకుని పక్కామె చేతిలోకి పోయింది. దాని అంచు నుంచి తొణికిన చల్లటి నీళ్లు నా పాదాల మీద పడ్డాయి.