పెద్దమ్మ తుడిచేసిన ఫలకం

మాకు చదువు చెప్పిన సారు మార్కాపురంలో పద్నాలుగేళ్లు బాడుగకున్న ఇంటికి ఒక స్మారక ఫలకం పెట్టాలని పాత విద్యార్థులం అనుకున్నాం. పలకల గనుల్లో పనిచేసేవాళ్ల పిల్లల్ని సాయంత్రాలు ఆ ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి, ఊరికే చదివించిన మనిషి ఆయన. ఫలకం మీది మాటలు రాసే పని నాకు అప్పగించారు. నేను నాలుగు పుస్తకాలు రాశానన్నది వాళ్ల ధైర్యం. వాటిని వాళ్లెవరూ చదవలేదన్నది నా ధైర్యం.

మీటింగుల్లో ఫలకం, ఫలకం అన్నాం గానీ, బయటికొస్తే అది పలకే. మా ఊళ్లో నల్లటి పలకరాయి ఉండగా ఇంకో రాయి వెతికేదెవరు? తర్లుపాడు రోడ్డులో రాళ్లు చెక్కే అతనికి ఒక పద్ధతి ఉంది. ముందు సుద్దముక్కతో రాత మొత్తం రాయి మీద రాయించి, పెట్టబోయే చోటే దాన్ని ఒక రోజు ఉంచుతాడు. వచ్చేపోయేవాళ్లు చదివి తప్పులు చెప్పాక గానీ ఉలి పట్టడు.

"చెక్కినాక తుడిచేదానికి ఉండదన్నా. ఒకాయన వాళ్ల నాయన పేరే తప్పు రాసిచ్చినాడు" అన్నాడు.

సుద్దతో నేనే రాశాను. నా దస్తూరి చూసి "కోడి తిరిగిందా ఏందిరా?" అని అడిగిన సారుకు అదే దస్తూరితో నివాళి. 'నిరాడంబరులు, విద్యాదాతలు, అక్షరజ్యోతి వారి స్వగృహం' అని మొదలుపెట్టి పదకొండు వరుసలు నింపాను. నిరాడంబరానికి ఆడంబరం కాస్త ఎక్కువైందని అప్పుడు తోచలేదు. రాయిని అరుగు మీద గోడకు ఆనించి వచ్చాం. ఆ ఇంటి సొంతదారు, ఎనభై దాటిన పెద్దమ్మ, కళ్లజోడు తెచ్చుకుని వరుసవరుసా చదవడం మొదలుపెట్టింది.

మర్నాడు పొద్దున్నే నేనూ, చెక్కే అతనూ పోయేసరికి రాయి తడితడిగా మెరుస్తోంది. ఒక్క అక్షరం లేదు. పక్కన బకెట్టు, అందులో గుడ్డ.

"ఏంది పెద్దమ్మా, తుడిచేసినావా?"

"తుడిచినా. పలక మీద తప్పు రాస్తే ఏం జేస్తారు? అంతా తుడిచి మళ్లీ రాయమని మీ సారే గదా చెప్పింది!"

"తప్పేముంది?" అన్నాను. నా గొంతులో నాలుగు పుస్తకాల రోషం.

"స్వగృహమని రాస్తివే, ఎవురి స్వగృహం? మా ఇంటాయన పొద్దంతా గనిలో రాయి కొట్టి, వస్తా వస్తా ఒక్కో రాయి నెత్తిన మోసుకొచ్చి కట్టినాడు దీన్ని. సారు దేవుడట్లాంటోడే, కాదన్లా. ఆయనుండింది ముందు గదిలో. రేపు నేను పోయినాక ఈ గోడ మీద సారు పేరొక్కటే ఉంటే, ఇల్లు కట్టినోడు ఎవురని తెలుస్తాది?"

చెక్కే అతను నా వైపు చూసి మెల్లగా అన్నాడు: "బయట పెట్టమనేది ఇందుకే అన్నా."

అప్పుడు గుర్తొచ్చాడు పెద్దమ్మ ఇంటాయన. మేం చదువుకునే వేళకు, ఇంకా కడుతున్న వెనక గదుల కోసం తల మీద రాయితో వచ్చి, మా పలకలు తొక్కకుండా అరుగు అంచునే నడిచి లోపలికి పోయేవాడు. మేం రాసుకున్న అంచులు విరిగిన పలకలు కూడా గని నుంచి ఆయన తెచ్చిచ్చినవే. సారు కనపడితే లేచి దండం పెట్టేవాళ్లం. ఈయన వస్తే కాళ్లు కూడా ముడుచుకునేవాళ్లం కాదు.

"అయితే నువ్వే చెప్పు పెద్దమ్మా, రాస్తా" అని కింద కూర్చున్నాను.

"ముందు కట్టినోడి పేరు రాయి. తర్వాత ఉన్నోడి పేరు."

"ఇంకా?"

"ఇంకేంది? వాళ్లిద్దరూ మాట్లాడేదే తక్కువ."

రెండు వరుసల్లో అయిపోయింది. ఈ ఇల్లు కట్టినది ఫలానా, ముందు గదిలో ఉండి మాకు చదువు చెప్పినది ఫలానా. ఆ ఫలానాలెవరో కావాలంటే మార్కాపురం పోయి చదువుకోండి. మిగతా తొమ్మిది వరుసలు పోయాయని బాధపడింది నేనొక్కడినే, అదీ ఒక్క పూట. రాయి మళ్లీ ఒక రోజు అరుగు మీద ఉంది. ఈసారి ఎవరూ తుడవలేదు.

పోయిన వారం అటుగా వెళితే, పెద్దమ్మ స్టూలు మీద కూర్చుని తడిగుడ్డతో ఫలకం తుడుస్తోంది. కింది వరుస మీద ఒకసారి, పై వరుస మీద రెండుసార్లు. నన్ను చూసి, "దుమ్ము నాయనా, బస్సులు తిరుగుతాయి గదా" అంది.

దుమ్ము పై వరుస మీదే ఎక్కువ పడుతుందని నేనూ ఒప్పుకున్నాను.