పాకాల ఒడ్డున చెంబెడు నీళ్లు, ఆటో నిండా పత్తి

మా బావ సుదర్శనం, అంటే మా అక్క భర్త, వరంగల్ బజారులో స్టీలు సామాన్ల దుకాణం నడుపుతాడు. కార్తీక సోమవారాలు తెల్లవారకముందే తలస్నానం చేసి, చుక్క పొడిచేదాకా ఒక్కపొద్దు ఉంటాడు. ఈసారి ఆ స్నానం పాకాల చెరువు దగ్గర చేయాలని ముచ్చటపడ్డాడు. ఎన్నిసార్లు చూసినా ఆ చెరువు చుట్టూ ఉన్న అడవంటే నాకు తనివి తీరదు కాబట్టి సరేనన్నాను. మీరూ ఈ చలికాలంలో అటు పోవాలనుకుంటుంటే ఇది చదివి పొండి. మన వరంగల్‌లో చలికి ప్రాణం మీదికి వస్తుందంటే మొన్నటిదాకా నేనూ నవ్వేవాణ్ణే.

తెల్లవారుజామున ఐదింటికి హనుమకొండలో బయల్దేరాం. బండి బావదే, నడిపేదీ ఆయనే. నర్సంపేట మీదుగా యాభై కిలోమీటర్ల పైచిలుకు దారి, రానూపోనూ రెండు వందల యాభై రూపాయల పెట్రోలు సరిపోతుంది. బస్సులో వచ్చేవాళ్లు నర్సంపేటలో దిగి ఆటో మాట్లాడుకోవాలి. ఆరున్నరకు చేరేసరికి తుఫాను ముసురు, చల్లగాలి. నీళ్లలోకి దిగొద్దని కాపలాదారు చెప్పడంతో బావ ఒడ్డునే కూర్చొని, దుకాణం నుంచి తెచ్చుకున్న చెంబుతో ముప్పై చెంబులైనా పోసుకున్నాడు. మార్చుకోవడానికి పొడి బట్టలు మాత్రం తెచ్చుకోలేదు. తడి ధోవతి మీదే ప్యాంటు తొడిగాడు.

"నా స్వెటరన్న ఏసుకో బావా," అన్నాను.

"నీ స్వెటర్ల నాలాంటోళ్లు ఇద్దరు పడుతరు. బండి మీద పోతాంటె గాలికి అవే ఆరిపోతయ్. ఫికర్ చెయ్యకు."

ఆ గాలే మా కొంప ముంచింది. కాస్త దూరం పోయాక ముసురు కాస్తా వానయింది. బావ పళ్లు టకటకలాడుతుంటే "టైపు మిషన్ మింగినవా ఏంది?" అని వెక్కిరించాను. ఇంకాసేపటికి ఆయన మాట ఆగిపోయింది. కోపమొచ్చిందేమో అనుకున్నాను. కొనకుండా వెళ్లిపోయే గిరాకీతో కూడా గంటసేపు ముచ్చట పెట్టే మనిషి ఉలుకూ పలుకూ లేకుండా ఉంటే అనుమానం రావద్దా? నాకు రాలేదు. బండి రెండుసార్లు రోడ్డు దిగి మట్టిలోకి పోయాక, భయమేసి ఒక చాయ్ కొట్టు దగ్గర ఆపించాను. దిగుతూనే బావ తూలిపడబోయాడు. తాళం తీయడానికి వేళ్లు వంగడం లేదు. "షట్టర్ లేస్తలేదు బామ్మర్ది," అన్నాడు, తాగినవాడిలా ముద్దముద్దగా. చాయ్ కొట్టు ముందు నిలబడి దుకాణం షట్టర్ అంటున్నాడు! పైగా వణుకు ఆగిపోయింది. "హమ్మయ్య, చలి తగ్గింది," అనుకున్నాను చూడండి, ఆ తెలివికి నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటాను.

కొట్టు పక్కన ఒక ట్రాలీ ఆటో ఆగి ఉంది. ఎనుమాముల మార్కెట్‌కు పోతున్న పత్తి లోడు, పైన టార్పాలిన్ కట్టి ఉంది. దాని తాలూకు రైతు దంపతులు, మల్లయ్య, సమ్మక్క, వాన తగ్గేదాకా చాయ్ తాగుతున్నారు. సమ్మక్క లేచి వచ్చి బావ చొక్కా కింద చెయ్యి పెట్టి చూసింది.

"ఓ అయ్యో, పొట్ట గూడ మంచుగడ్డ లెక్కున్నది! ఏం జూస్తానవ్ బిడ్డా?"

నేను కూర్చొని బావ కాళ్లు గట్టిగా రుద్దడం మొదలుపెట్టాను. బల్ల మీది పెద్దమనిషి ఒకాయన ఒక పెగ్గు పోస్తే వేడెక్కుతాడన్నాడు. సమ్మక్క ఇద్దరినీ కసిరింది. "కాళ్లు తర్వాత. ముందుగాల ఆ తడి బట్టలు ఇప్పు. పత్తిల పండవెడదాం."

మల్లయ్య తటపటాయించాడు. "తేమ ఎక్కితె మార్కెట్ల మన పత్తి ఎవడు ముట్టుతడే?"

"అందుకేనాయె బట్టలు ఇప్పుమంటాన!"

తడి బట్టలు ఇప్పి, చేతిలోని చెంబును ఆటోలో ఓ మూలన పెట్టి, ఆమె ఒంటిమీది పొడి శాలువాతో బావను తుడిచి, టార్పాలిన్ ఒక పక్క ఎత్తి, పత్తిలో గుంట చేసి మెల్లగా పడుకోబెట్టాం. మెడ దాకా, తల మీదా పత్తి కప్పాం. నా ఒంటి వేడి తగిలేలా నేనూ పక్కనే దూరాను. కొట్టాయన 108కు ఫోన్ చేస్తే, రావడానికి అరగంట పడుతుందన్నారు. ఆ అరగంటా మా అక్క ముఖమే కళ్లముందు మెదిలింది. ఆమెకు ఏమని చెప్పను? మళ్లీ వణికితేనే ఒంట్లో వేడి పుట్టినట్టని సమ్మక్క అనడంతో, దేవుడా, వణికించు ఈ మనిషిని, అని మొక్కుకున్నాను.

వణికాడు! ఏడ్చేశాను. కాసేపటికి తనంతట తానే గ్లాసు పట్టుకోగలిగాడు కానీ, చక్కెర చాయ్ తాగనంటాడు, ఒక్కపొద్దట.

"దేవునికి నేను జెప్పుకుంట. నువ్వు తాగు తమ్మీ," అంది సమ్మక్క.

తాగాడు. అంబులెన్స్ వచ్చింది. నర్సంపేట దవాఖానలో డాక్టరు, ఒళ్లు ముప్పై ఐదు డిగ్రీల కన్నా చల్లబడితే ప్రమాదమేనని చెప్పింది. వణుకు, తడబాటు, ముద్ద మాట వరుసగా వస్తాయట. వేడెక్కకుండానే వణుకు ఆగితే ఇంకా ముదిరినట్టట. తడి బట్టలు తీసేసి ముందు ఛాతీ, మెడ, చంకల దగ్గర వెచ్చబరచాలి, కాళ్లూ చేతులూ రుద్దకూడదు, మందు పోయకూడదు, మింగగలిగితేనే తీపి చాయ్ ఇవ్వాలి అంది. "ఆ పత్తామె మంచి పని జేసింది," అని నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను.

ఆ హడావిడిలో వాళ్లకు దండం కూడా పెట్టలేదు. ఊరి పేరైనా అడగలేదు. నెల తర్వాత సమ్మక్కే బావ దుకాణం వెతుక్కుంటూ వచ్చింది. ఆటోలో మరిచిపోయిన చెంబు మీద దుకాణం పేరు చెక్కి ఉందట. చెంబుతో పాటు ఒక దిండు కూడా తెచ్చింది. బావ పడుకున్న చోట చెమ్మగిల్లిన పత్తిని విడిగా తీసి, ఆరబెట్టి, గింజలు ఒలిచి కుట్టిందట. "మనిషి బతికిన పత్తి. అమ్మబుద్ధి కాలె," అంది.

మా దగ్గర ఆడబిడ్డలకు పెట్టే పెట్టుబోతల గిన్నెల మీద ఇచ్చినవాళ్ల పేరు చెక్కిస్తాం. బావ దుకాణంలోకెల్లా పెద్ద బిందె దించి, పేర్లు చెక్కే మిషన్ తీసుకొని తానే చెక్కాడు: "అక్క సమ్మక్కకు, తమ్ముడు సుదర్శనం." ఒక్కసారి తాకి చూసి పొట్ట చల్లగా ఉందని కనిపెట్టిన ఆ చెయ్యి ఆ అక్షరాలను తడుముతుంటే, మాటల మనిషి మా బావకు మళ్లీ మాట పడిపోయింది. ఈసారి నేను భయపడలేదు.

మీకు చెప్పేది ఒక్కటే. కార్తీక స్నానానికైనా, వట్టి షికారుకైనా, ఒక జత పొడి బట్టలు, ఒక తువ్వాలు ప్లాస్టిక్ కవర్లో చుట్టి బండి డిక్కీలో పెట్టుకోండి. తడి బట్టలు గాలికి ఆరేలోపు మనిషి చల్లబడతాడు.