నాగమణికి వేసిన కుర్చీ

2023 వేసవి. విదేశీ నిధులతో నడిచే ఒక స్వచ్ఛంద సంస్థలో నేను ఫీల్డ్ కోఆర్డినేటర్‌ని. రెడ్డిగూడెం తోటల మధ్య రైతు సంఘం నడిపే మామిడి ప్యాకింగ్ షెడ్డులో వికలాంగులకు కూడా పని దొరికేలా చూడటం నా ఉద్యోగం. దీన్ని మా వాళ్లు ఇన్‌క్లూజన్ అంటారు. ఎవరినీ విడిచిపెట్టకుండా కలుపుకుపోవడం అన్నమాట. మాది అనకాపల్లి వైపు. నూజివీడు బస్టాండు వెనక గది అద్దెకు తీసుకుని, వండుకున్నది ఫోన్ చూస్తూ తిని పడుకునేదాన్ని. ఆ ఊళ్లో పలకరించేవాళ్లు ఎవరూ లేరు.

షెడ్డులో గడ్డి పరిచి కాయలు కుప్ప పోస్తారు. ఆడవాళ్లు కుప్ప చుట్టూ నేల మీద కూర్చుని సొన తుడిచి, మచ్చ ఉన్నవీ లేనివీ వేరు చేసి పెట్టెల్లో సర్దుతారు. ఇదే గ్రేడింగ్. చేతులతో పాటు నోళ్లకూ తీరిక ఉండదు. ఎవరి కోడలు అలిగింది, ఎవరి మేక తప్పిపోయింది, అన్నీ ఆ కుప్ప దగ్గరే తేలతాయి.

ఆ పనిలో చేరింది నాగమణి. ముప్పై అయిదేళ్లుంటాయి. చిన్నప్పుడు పోలియో వచ్చి రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. ఇంట్లో చేతుల మీద జరుగుతూ వంటతో సహా అన్నీ చేసుకునేది. ఆమె కోసం సంస్థ ఎత్తయిన బల్లా, పాదాలు ఆనించుకునే పలక ఉన్న కుర్చీ చేయించింది. మనిషి అవసరాన్ని బట్టి పనిచోటును మార్చడాన్ని రీజనబుల్ అకామడేషన్ అంటారు. కొలతలు మాత్రం ఢిల్లీ నుంచి వచ్చాయి. రోజూ పొద్దున్నే తమ్ముడు మూడు చక్రాల బండి మీద తెచ్చి, ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టి వెళ్లేవాడు. కుప్ప దగ్గర చోటు చాలక బల్లని దూరంగా గోడవార వేశారు, కాయలు ట్రేలలో ఆమె దగ్గరికే వెళ్లేవి. మిగతావాళ్లు మొదట్లో "ఆఫీసరమ్మా" అని ఆటపట్టించేవాళ్లు. కొన్నాళ్లకు అదీ మానేశారు.

ఒక మధ్యాహ్నం అందరూ క్యారేజీలు విప్పారు. కింద కూరలూ పచ్చళ్లూ చేతులు మారుతున్నాయి. బల్ల దగ్గర నాగమణి ఒక్కతే తింటోంది. నేను వెళ్లి పక్కన నిలబడ్డాను.

"రేపట్నుంచి రానండి," అంది.

"అదేంటమ్మా? ఎవరైనా ఏమైనా అన్నారా?"

"అంటే బాగుండేదండీ. పగలంతా ఇంట్లో ఒక్కదాన్నే ఉండలేకే కదండీ ఇక్కడికొచ్చా. ఇక్కడా ఒక్కదాన్నే. వాళ్లు నవ్వుతుంటే దేనికి నవ్వుతున్నారో కూడా వినపడదు."

"మరి కింద కూర్చుంటానని చెప్పొచ్చుగా?"

"నా కోసం ఇంత చేయించారు. వద్దంటే ఏం బాగుంటదండీ?"

నాకు ఒళ్లు మండింది, ఆమె మీద కాదు. షెడ్డంతా నేల మీద కూర్చునే చోట, బుద్ధెరిగినప్పటి నుంచీ నేల మీదే తిరిగిన మనిషిని ఎత్తి పైన పెట్టాం. మా సార్‌కి ఫోన్ చేశాను. "గురువారం నిధులిచ్చేవాళ్లు చూడ్డానికి వస్తున్నారు. కుర్చీ ఖాళీగా కనిపిస్తే ఏం చెప్తాం? అందాకా ఉండమనండి," అన్నారు. బతిమాలితే నాగమణి సరేనంది.

గురువారం మా సార్‌తో పాటు ఒక విదేశీ పెద్దావిడ వచ్చారు. బల్ల చూసి సంతోషపడి, సౌకర్యంగా ఉందా అని నాగమణిని అడిగారు. ఇద్దరి మధ్యా మాట చేరవేయాల్సింది నేనే. సార్ నా వైపే చూస్తున్నారు. నాగమణీ నా వైపే చూస్తోంది.

"నాతో అన్నదే చెప్పమ్మా," అన్నాను.

"కుర్చీ బానే ఉందండి. నన్ను కిందకి దింపమనండి."

ఉన్నదున్నట్టు ఇంగ్లిష్‌లో చెప్పేశాను. ఆవిడ తెల్లబోయారు, తర్వాత తల ఊపారు. షెడ్డులో పని చూసే మేస్త్రీ, నేనూ కలిసి దింపాం. నాగమణి చేతుల మీద జరుగుతూ కుప్ప దాకా వెళ్లింది.

"ఆఫీసరమ్మ దిగొచ్చింది, జరగండే," అంది అక్కడి ఆడవాళ్లలో పెద్దదైన సుబ్బమ్మ. అందరూ జరిగి చోటిచ్చారు.

కాసేపటికి ఎవరో "మళ్లీ ఆ పిల్లి వచ్చిందంట" అనగానే అంతా పగలబడి నవ్వారు. నాగమణి నవ్వబోయి ఆగిపోయింది. "ఏం పిల్లి?" అంది. నవ్వులు తగ్గాయి. ఆ పిల్లి కథంతా ఆమె కుర్చీలో ఉన్న రోజుల్లో నడిచింది. ఆమె మొహం చూడలేక నేను తల తిప్పుకున్నాను.

సుబ్బమ్మ చేతిలో కాయ పక్కన పెట్టింది. "నీకు తెలీదు కదే. మొదట్నుంచీ చెప్తా, విను."

నాగమణి పని మానలేదు. బల్ల మీద క్యారేజీలు పెట్టుకునేవాళ్లు.

అప్పటి నుంచి ఏ ఊరు వెళ్లినా, మీకేం కావాలి అని మొదట అడగను. ఎవరి పక్కన కూర్చుంటారు అని అడుగుతాను. బల్లలూ కొలతలూ ఆ తర్వాతే. ఆ మధ్య జి. కొండూరులో చూపు లేని ఒక పెద్దాయన్ని అలాగే అడిగాను. ఆయన వెంటనే తన స్నేహితుడి పేరు చెప్పి, "మరి నువ్వమ్మా?" అన్నాడు. నాకు ఏ పేరూ నోటికి రాలేదు. బస్సు వేళయిందండీ అని లేచాను.