కళ్ళకద్దుకున్న రివాల్వర్

ఆ రివాల్వర్‌ని మొదటిసారి చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది. చొక్కా జేబులో పెడితే పైకి కనబడనంత చిన్నది. ఐదు తూటాలే పడతాయి. పిడి మీద రెండు వేళ్ళకే చోటు, చిటికెన వేలు కింద గాల్లో వేలాడుతుంది. ఇంత బుల్లిదాన్ని పట్టుకోవడం నేర్చుకోవడానికి నాలుగు శనివారాలు కావాలా అనుకున్నాను. మొదటి తూటా పేల్చాక ఆ నవ్వు పోయింది. తుపాకీ ఎంత చిన్నదైతే పేల్చినప్పుడు దెబ్బ అంత గట్టిగా చేతికే తగులుతుందట. ఆ మాట ముందు చెప్పినవాడు లేడు. బొటనవేలి మొదట్లో చర్మం లేచిపోయింది.

మాస్టర్స్ చదవడానికి మెల్‌బోర్న్ వచ్చినవాణ్ణి, నాకు తుపాకీతో ఏం పని? సెక్యూరిటీ గార్డు పని. చదువుకునేటప్పుడు రెండు నెలలు చేసి మానేద్దామని మొదలుపెట్టాను. ఏడేళ్ళయింది. చదువు పూర్తయింది, ఇక్కడే ఉండిపోవడానికి పీఆర్ వచ్చింది, చదువుకు తగ్గ ఉద్యోగం మాత్రం రాలేదు. షాపింగ్ సెంటర్‌లో రాత్రి కాపలా నాది. మా ఆవిడ వృద్ధాశ్రమంలో పనిచేస్తుంది, ఆమెవీ రాత్రి డ్యూటీలే. మూడేళ్ళ పాప దగ్గర ఒకరుండాలి కాబట్టి వారంలో కొన్ని రాత్రులు నేను, కొన్ని రాత్రులు ఆమె. పగలు పాప చైల్డ్‌కేర్‌లో, మాలో ఎవరో ఒకరు నిద్రలో. ఊరి శివారు వెర్రిబీలోని మా ఇంట్లో మేమిద్దరం కారు తాళం చేతులు మార్చుకోవడానికే కలిసేవాళ్ళం. ఆ కాస్త సేపట్లోనే పోట్లాడుకునేవాళ్ళం కూడా.

మా కంపెనీలో పగటి పని ఒకటే ఉంది. దుకాణాల నుంచి నగదు సంచుల్ని మామూలు కారులో, మామూలు బట్టల్లో వెళ్ళి తేవాలి. చొక్కా కింద ఈ బుల్లి రివాల్వర్ ఉండాలి. దానికి లైసెన్సు కావాలి, లైసెన్సుకి శిక్షణ కావాలి. అది వస్తే రోజూ సాయంత్రం నాలుగింటికి ఇల్లు చేరతాను, ఆమె డ్యూటీకి వెళ్ళేలోపు మూడు గంటలైనా ముగ్గురం కలిసి ఉంటాం. నాకు కావలసింది ఆ మూడు గంటలే.

శిక్షణ ఇచ్చేది ఒక రిటైర్డ్ పోలీసాయన. మొదటి రోజే నాతో ఒక మాట పదిసార్లు చెప్పించాడు: నిండుగా ఉన్నా ఖాళీగా ఉన్నా తుపాకీ గొట్టం ఏ మనిషి వైపూ తిరగకూడదు, నీ వైపు అసలే తిరగకూడదు. కాల్చాలని నిర్ణయించుకునేదాకా వేలు ట్రిగ్గర్ బయటే ఉండాలి. నా వేలు మాత్రం ఎవరూ అడక్కుండానే లోపలికి దూరిపోయేది. ఆ ట్రిగ్గర్ ఎంత బిగువంటే, లాగేలోపు తుపాకీయే పక్కకు ఒరిగిపోయేది. కాగితం మీది బొమ్మకు ఛాతీలో గురిపెడితే తుంటి దగ్గర తగిలేది.

“పిసకొద్దు మేట్, మెల్లగా లాగు” అనేవాడాయన.

కాల్పుల గదిలో చెవులకు చప్పుడు ఆపే మఫ్‌లు, రెండు పక్కలా గోడలు, వెనక ఎర్ర గీత. అందరి తుపాకులూ ఖాళీ అయ్యాయని ఆయన చెప్పేదాకా ఆ గీత దాటి వెనక్కి రాకూడదు. అక్కడ నిలబడితే నా ఊపిరి చప్పుడు నాకే పెద్దగా వినిపించి ఒళ్ళంతా చెమట పట్టేది. ఈ పని బాగా నేర్చుకునేకొద్దీ ఇందులోనే కూరుకుపోతానని నాకు తెలుసు. నడుముకు తుపాకీ కట్టుకున్నవాణ్ణి పిలిచి ఏ ఆఫీసువాడు కంప్యూటర్ ముందు కూర్చోబెడతాడు? అయినా నేర్చుకోక తప్పదు.

ఇంట్లో వంటగది స్ప్రే సీసాతో అభ్యాసం చేసేవాణ్ణి. దాని మీట కూడా వేలితో లాగేదే కదా.

“ఊకే కొట్టుడు ఎందుకు, జర ఆ స్టవ్ అన్న క్లీన్ చెయ్” అంది మా ఆవిడ. తుడిచాను.

నాలుగో శనివారం పరీక్ష. ఐదేసి తూటాలు, ఐదు విడతలు. ఎలా తగిలాయో గాని అన్నీ తగలాల్సిన చోటే తగిలాయి. తూటాల చక్రం తెరిచి ఖాళీ తొడుగులు దులిపి ఆయనకు చూపించాను. చూసి “పాస్, మేట్” అన్నాడు. ఒక్కసారిగా గుండెల మీది బరువు దిగిపోయింది. ఆ సంతోషంలో రివాల్వర్‌ని రెండు చేతుల్లోకి తీసుకుని కళ్ళకద్దుకున్నాను.

పరీక్ష రాసిన పెన్నును, మొదటి జీతం కవరును, కిందపడిన పుస్తకాన్ని అలా అద్దుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. మా నాన్న తెల్లారి ఆటో హ్యాండిల్ ముట్టుకుని అలాగే మొక్కేవాడు. చేతులు వాటంతట అవే లేచాయి. గొట్టం నా కణతకు ఆని ఉందని నాకు తెలియనే లేదు.

ఆయన అరిచిన అరుపు మఫ్‌లలోంచి కూడా వినబడింది. నా మణికట్టు పట్టుకుని తుపాకీ లాక్కున్నాడు. 

“ఎందుకలా చేశావు?”

“గౌరవం” అన్నాను. ఇంగ్లీషులో ఆ మాట నాకే పిచ్చిగా వినిపించింది.

“దేనికి గౌరవం?”

పాసయ్యాను కదా, అందుకే అని చెప్పబోయాను. చెప్పేకొద్దీ ఆయన ముఖంలో జాలి పెరిగింది. నా మనసు బాగానే ఉందని డాక్టరు సంతకం చేసిన కాగితం తెచ్చేదాకా లైసెన్సుకి తను సంతకం చేయనన్నాడు. తిట్టినా భరించేవాణ్ణేమో, ఆ జాలికి మాత్రం ఒళ్ళు మండిపోయింది.

ఆ సోమవారం డాక్టరు దగ్గరికి వెళ్ళాను. పెద్దావిడ, వాళ్ళమ్మా నాన్నలు మాల్టా నుంచి వచ్చారట. ఆవిడ పెన్నే తీసుకుని కళ్ళకద్దుకుని చూపించాను. ఆవిడ నవ్వేసింది. రొట్టె కింద పడితే తన అమ్మమ్మ తీసి ముద్దు పెట్టుకునేదట. ఇంత సులువా అని నాకు ఏడుపొచ్చినంత పనయింది.

తర్వాత ఒక కాగితం ముందు పెట్టుకుని ప్రశ్నలు చదవడం మొదలుపెట్టింది. నిద్ర పడుతోందా, ఆకలి వేస్తోందా, తాగుడుందా. గబగబా చెప్పేశాను. చివరిది కూడా అదే గొంతుతో చదివింది.

“గడిచిన ఏడాదిలో ఎప్పుడైనా, ఇక దారి లేదు, ఇందులోంచి బయటపడలేను అనిపించిందా?”

నా జవాబు రాకముందే ఆవిడ పెన్ను ‘లేదు’ అన్న గడి దగ్గరికి వెళ్ళింది.  ఆ ఏడాదంతా నాకు అంతకు మించి వేరే ఏమీ అనిపించలేదు. ఆ మాట నన్నెవరూ అడగలేదు కూడా. అవునంటే పగటి డ్యూటీ పోతుంది.

“లేదు” అన్నాను. ఆవిడ టిక్కు పెట్టి సంతకం చేసింది.

సాయంత్రం ఏడింటికి ఇంకా ఎండ ఉంది. మా ఆవిడ డ్యూటీకి బయల్దేరుతూ గుమ్మంలో కూర్చుని బూట్లు వేసుకుంటోంది. కాగితం ఇచ్చాను. చూసి, హమ్మయ్య అనుకుని, “ఏమేం అడిగిన్రు?” అంది. అన్నీ చెప్పాను. ఆ చివరిదీ చెప్పాను.

“నువ్వేం చెప్పినవ్?”

“లేదని చెప్పిన.”

ఆమె ఒక బూటు వేసుకుని ఆగిపోయింది. కాగితంలో ఆ టిక్కు ఉన్న చోటే చూస్తోంది.

“నన్నడిగినా లేదనే చెప్తుంటి” అంది.

ఆ ఏడాదంతా ఆమెను నేను కూడా అడగలేదు.